పెద్దనాయన మాట్లాడిన శనివారాలు

మా పెద్దనాయన పోయాడన్న కబురు నాకు బడిలో అందింది. మూడో తరగతి పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. ఫోను మోగింది. పెద్దమ్మకు ఫోనులో నా ఒక్క పేరు తప్ప ఇంకొకటి నొక్కడం రాదు. ఆమె ఏడవలేదు. "పాపా, మీ పెద్దనాయన ఎంత పిలిచినా లేయకుండాడు. నువ్వొచ్చి పిలువు," అంది. నేను పిలిస్తే లేస్తాడని ఆమె నమ్మకం. రెండు ఆటోలు మారి నేను ఊరు చేరేదాకా ఆ నమ్మకంతోనే ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నేను పిలిచాను. అప్పటికి ఆయన చెయ్యి చల్లబడి చాలా సేపయింది.

తెల్లవారేలోపు నిద్రలోనే గుండె ఆగిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు గుండెనొప్పి నొప్పిగా తెలియకపోవచ్చట. ఆయనకు అరవై నాలుగేళ్లు.

భూస్థాపన రోజు చర్చి సంఘంలో నలుగురు లేచి ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. ఆదివారం గంట కొట్టడం గురించి, సండే స్కూలు గురించి, సారా అంగడి మూయించడం గురించి చెప్పారు. అన్నీ పాత సంగతులే. ఆయన చివరి రెండేళ్ల గురించి ఎవరూ నోరు విప్పలేదు. ఆ రెండేళ్లలో ఊరందరూ చూసిన ఒక వీడియో ఉంది. ఎవరూ చూడని కొన్ని శనివారాలు ఉన్నాయి. ఆ రెండూ నాకు తెలుసు గనుక ఇది రాస్తున్నాను. రాయనా అని పెద్దమ్మను అడిగాను. "రాయి. ఆయప్ప ఏం తప్పు చేసినాడని దాచల్ల," అంది.

మాది కోయిలకుంట్లకు దగ్గరలో ఒక పల్లె. పెద్దనాయనకు మూడెకరాల నల్లరేగడి ఉండేది. ఏటా శనగ వేసేవాడు. పొలం పని లేనప్పుడు చర్చి పని. పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. ఎక్కడ కూర్చోవలసి వచ్చినా ముందు భుజం మీది తువ్వాలు తీసి ఆ చోటు తుడిచేవాడు. తనకోసం తుడిస్తే విశేషమేముంది, పక్కన కూర్చోబోయే వాళ్లకు కూడా తుడిచేవాడు. టీచరు శిక్షణ పరీక్షకు నన్ను నంద్యాల తీసుకుపోయినప్పుడు లోపలికి రానివ్వలేదు గానీ, రానిచ్చి ఉంటే నా బెంచీ కూడా తుడిచి వచ్చేవాడే.

మా నాయన ఆయనకు తమ్ముడు. తాగేవాడు. తాగి కోయిలకుంట్ల బస్టాండులో పడిపోయేవాడు. ఎవరో వచ్చి చెప్తే పెద్దనాయన పనులు వదిలి బయలుదేరేవాడు. నన్ను తోడు తీసుకుపోయేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆయన మా నాయనను చంకల కింద చేతులు వేసి లేపితే నేను చెప్పులు, జారిన తువ్వాలు, కొన్నిసార్లు నోట్లోంచి పడిన బీడీ కూడా ఏరి పట్టుకునేదాన్ని. చుట్టూ జనం నిలబడి చూసేవాళ్లు. అప్పుడు నేను నేలను చూస్తూ నడవడం నేర్చుకున్నాను.

మా నాయననే కాదు, దారిలో ఎవరు పడి ఉన్నా పెద్దనాయన ఆగేవాడు. సారా అంగడి ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి, కదలకుండా ఉండి, దాన్ని ఊళ్లోంచి లేపించిన మనిషే తాగినవాళ్లను ఇళ్లకు చేర్చేవాడు. లేపేటప్పుడు ప్రతి ఒక్కరితోనూ ఒకే మాట అనేవాడు. "నువ్వు పడినావు గానీ చెడలేదప్పా. లెయ్." మా నాయనతో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాయన లేవకుండానే పోయాడు. పెద్దనాయనకు పిల్లలు లేరు. ఆ తర్వాత నన్ను చదివించింది ఆయనే.

యాభై దాటాక ఆయనకు షుగర్ వచ్చింది. పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. రాగిసంగటి తినమంటే తిన్నాడు, కొర్రన్నం తినమంటే తిన్నాడు. ఒక్కటి మాత్రం మానలేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ప్రతి శుక్రవారం ఉపవాసం. మాత్ర వేసుకుని పస్తుండకూడదని డాక్టరు చెప్పి ఉన్నాడు. దేవుని కోసం ఒక పూట అనేవాడు.

రెండేళ్ల కిందట అలాంటి ఒక శుక్రవారం పొద్దున మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, పట్టాదారు పాసుపుస్తకంలో పడిన తప్పు దిద్దించుకోవడానికి కోయిలకుంట్ల వెళ్లాడు. ఆఫీసులో సాయంత్రం నాలుగు దాకా నిలబడ్డాడు. బస్టాండుకు వచ్చేసరికి ఒళ్లంతా చెమటలు పోసి, మాట తడబడి, కాళ్లు అడ్డదిడ్డంగా పడ్డాయి. ఒక గోడ పట్టుకోబోయి పడిపోయాడు. పంచె తడిసిపోయింది.

ఎవరో ఫోను తీసి వీడియో పట్టారు. అందులో ఆయన లేవాలని చూసి మళ్లీ పడతాడు. వెనుకనుంచి ఒక గొంతు నవ్వుతూ, సారా అంగడి మూయించిన పెద్దమనిషి చూడండప్పా అంటుంది. ఆయన పెదవులు కదులుతుంటాయి, మాట రాదు. అంతే ఆ వీడియో.

ఆయనను లేపింది సోడా బండి పెట్టుకున్న ఒక సాయిబు. ఆ గుంపును తోసుకుని వచ్చి, ముందు ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడట. తన తల్లి కూడా షుగర్ మాత్రలు వేసుకుని ఇట్లే పడేదని చెప్పి, కూర్చోబెట్టి ఆనించుకుని, తియ్యటి నన్నారి షర్బత్ గుక్కగుక్కగా తాపాడు. పావుగంటకు ఆయన తేరుకున్నాడు. ఆ సాయిబే ఆటో ఎక్కించి పంపాడు. ఆయన ఇల్లు చేరేలోపు వీడియో ఊరు చేరింది. సంఘం వాళ్ల గ్రూపులో కూడా పడింది. ఎవరో తీసేశారు. కానీ అప్పటికే అందరూ చూసేశారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను రోజూ బడికి పోయి వచ్చే బస్సు కోయిలకుంట్ల బస్టాండు మీదుగానే వస్తుంది. ఆ శుక్రవారం బడి నుంచి తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చున్నాను. జనం గుంపు కనిపించింది. వాళ్ల కాళ్ల మధ్య నేల మీద ఒక తెల్లపంచె కనిపించింది. ముందు సీటాయన తాగి పడినాడులే అన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను. పడింది ఎవరో కూడా చూడలేదు. బస్సు కదిలింది. సాయంత్రం ఇంటికొచ్చాక తెలిసింది, ఆ పంచె ఎవరిదో.

అది నేను ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం పెద్దనాయన గంట కొట్టడానికి పోలేదు. పాస్టరు గారు ఇంటికి వచ్చి, మాకు నీ సంగతి తెలుసు అని చెప్పాడు. పెద్దనాయన సరేనని తలూపాడు. మళ్లీ ఆదివారం కూడా పోలేదు. పొలానికి పోవడం మానేశాడు. వాకిట్లోకి వచ్చి కూర్చోవడం కూడా మానేశాడు. ఇంట్లోనే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఎవరైనా వస్తే నిద్రపోతున్నట్టు ఉండేవాడు. తువ్వాలు అంచులో ఎప్పుడూ బెల్లం ముక్క కట్టుకుని ఉండేవాడు. గంటకోసారి కొంచెం కొరికేవాడు. పెద్దమ్మ అడిగితే, కాళ్లు వణుకుతాండాయి అనేవాడు. ఆ మనిషి చిక్కిపోతుంటే మేమంతా అవమానం వల్ల అనుకున్నాం. అవమానం నిజమే. దానికింద ఇంకొకటి ఉందని మాకు తెలియలేదు.

అయిదు నెలలకు కుడికాలి వేళ్ల మధ్య పుండు కనిపించింది. చెప్పు కరిచిందట. ఎప్పుడు కరిచిందో ఆయనకు తెలియలేదు, నొప్పి లేదు. నల్లబడ్డాక పెద్దమ్మ చూసింది. కర్నూలు తీసుకుపోయాం. రెండు వేళ్లు తీసేశారు. షుగర్ నాలుగువందలు దాటి ఉంది. మాత్రలు సరిగా వేసుకుంటున్నాడా అని డాక్టరు అడిగితే, నా చేత్తో రోజూ ఇస్తాండా సార్ అని పెద్దమ్మ ప్రమాణం చేసింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఇచ్చిన మాత్రలను ఆయన జొన్నల డబ్బాలో వేస్తూ వచ్చాడు. ఇంటికి బట్టల కోసం వచ్చినప్పుడు నేనే చూశాను. జొన్నల్లో గుప్పెడు మాత్రలు, కొన్ని రంగు పోయి.

నేను ఆ సంగతి డాక్టరుకు చెప్పాను. ఆయన కోప్పడతాడని భయపడ్డాను. కోప్పడలేదు. మంచం పక్కన కూర్చుని, "ఎందుకు వేసుకోలేదు పెద్దాయనా?" అని మాత్రం అడిగాడు.

"పడకుండా," అన్నాడు పెద్దనాయన.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ రోజు ఆయనను పడేసింది మాత్రతో తగ్గిన చక్కెర. చక్కెర పెరిగితే మనిషి పడడు. నిదానంగా లోపల కొరుక్కు తింటుంది గానీ నడిబజారులో పడేయదు. ఆయన ఆ రెంటిలో ఒకటి ఎంచుకున్నాడు.

ఆ డాక్టరు రెండు పనులు చేశాడు. చక్కెర అట్లా ఒక్కసారిగా పడిపోనివ్వని వేరే మాత్రలు రాశాడు. రెండోది, ఫోనులో మాట్లాడే ఒక కౌన్సెలర్‌కు ఆయన పేరు రాయించాడు. షుగర్ ఉన్నవాళ్ల మనసు బాధలు వినడానికని ఆసుపత్రి వాళ్లు కొత్తగా పెట్టారు. మనం కర్నూలు పోనక్కర్లేదు, వారానికోసారి వాళ్లే వీడియో ఫోను చేస్తారు. పెద్దమ్మకు ఇది నచ్చలేదు. పిచ్చోళ్లకు కదా ఆ డాక్టర్లు, ఈయప్పకు పిచ్చి అంటే ఇంగ ఊరు ఊరుకుంటాదా అంది. పెద్దనాయన ఏమీ అనలేదు. ఆ రోజుల్లో ఆయన దేనికీ ఏమీ అనేవాడు కాదు.

కౌన్సెలర్ కడప అమ్మాయి. అక్కడినుంచే మాట్లాడుతుంది. నాకంటే చిన్నది, ముప్పై కూడా ఉండవు. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకని కుదిరింది. పెద్దనాయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను, అందుకని నా ఫోనుకే చేసేది. మొదటి వారం ఆయన ఇంట్లోనే కూర్చోబెట్టాం. అది ఒకే గది. ఆ అమ్మాయి ఏమడిగినా పెద్దమ్మే జవాబు చెప్పింది. బాగా తింటాడు, బాగానే పండుకుంటాడు, ఏం దిగులు లేదు తల్లీ అంది. రెండో వారం కూడా అంతే. ఆ తర్వాత ఆ అమ్మాయి నాతో విడిగా మాట్లాడి, ఆయన ఒక్కడే కూర్చునే చోటు ఏదైనా చూడగలరా అంది. మా ఊళ్లో ఒక మనిషి ఒక గంట ఒంటరిగా కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడుందో నేను మొదటిసారి ఆలోచించాను. ఎక్కడా లేదు. చివరికి మా వంటింట్లో కుర్చీ వేశాను. పప్పు డబ్బాకు ఫోను ఆనించాను. తలుపు దగ్గరికి వేసి నేను బయట అరుగు మీద కూర్చున్నాను, ఎవరూ లోపలికి పోకుండా.

కానీ పెద్దనాయనకు చెవి తక్కువ. ఫోను గొంతు పెంచి పెట్టాల్సి వచ్చేది. ఆయన కూడా గట్టిగా మాట్లాడేవాడు. వినకూడదని తెలుసు. మొదటిరోజు మధ్యలో లేచి పెరట్లోకి పోయాను. తర్వాత్తర్వాత పోలేదు. దాన్ని సమర్థించుకోలేను.

మూడో శనివారం కూడా ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. శనగ ఎట్లా వేస్తారు, మంచు పడితే మంచిదేనా, అవే అడిగింది. నాలుగో శనివారం, బయటికి పోవాలంటే ఎంత భయంగా ఉంటుంది, పదికి ఎంతని చెప్తారు అని అడిగింది.

"పదకొండు," అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వింది. చాలా నెలల తర్వాత ఆయన గొంతులో కూడా చిన్న నవ్వు విన్నాను.

ఆమె ఆయనకు పనులు చెప్పేది. కాళ్లు వణికినప్పుడు వెంటనే బెల్లం తినకుండా, ముందు వేలికి సూది గుచ్చి మిషన్‌లో షుగర్ చూసుకోమంది. ఆ అంకెను నోటుబుక్కులో రాయమంది. ఆయన సండే స్కూలు పిల్లలకు రాసిపెట్టే అందమైన అక్షరాలతో రాసేవాడు. కాళ్లు వణికాయి, రెండువందల నలభై. చెమట పట్టింది, రెండువందల పది. పడిపోతానేమో అనిపించిన ఏ ఒక్కసారీ చక్కెర తగ్గి లేదు. వారం తర్వాత ఆ పుస్తకం చదివి వినిపించి, "అయితే నన్ను వణికించేది చక్కెర కాదా తల్లీ," అని అడిగాడు. అప్పటికి మేడం అని పిలవడం పోయి తల్లీ అయింది. భయం కూడా వణికిస్తుంది పెద్దాయనా అని ఆమె చెప్పింది. నిజంగా తగ్గితే మిషన్ చెప్తుంది, అప్పుడు బెల్లం తినండి, అది తప్పు కాదు అంది.

ఆరో శనివారమో ఏడో శనివారమో, ఆయన ఆ శుక్రవారం సంగతి ఎత్తాడు. ఆమె అడగలేదు. ఆయనే ఎత్తాడు. నేను అరుగు మీద మెంతికూర వలుస్తున్నాను.

"నాకి తెలివి పోలేదమ్మా," అన్నాడు. "అందురూ అనుకుంటాండారు నాకి ఏం తెలీదని. అన్నీ ఇనపడతాండాయి. తాగినాడు అంటాండారు. కాదని చెప్పల్లని శానా జూసినా. నోరు లేయలా. నాకి తెలిసిన గొంతులు గూడా ఉండాయి దాంట్లో. మా పాప బస్సు అప్పుడే పాయె. నాకి హారను ఇనపడె. ఆ పిల్ల చూసింటే దిగుండేది."

నా చేతిలో మెంతికూర అట్లే ఉండిపోయింది.

ఆ అమ్మాయి అడిగింది. మీరు అంతకుముందు ఎంతమందిని అట్లా లేపి ఉంటారు పెద్దాయనా అని. లెక్క పెట్టలేదన్నాడు. వాళ్లతో ఏమనేవాళ్లు అని అడిగింది. ఆయన చెప్పాడు. నేను చిన్నప్పటినుంచి వింటూ వచ్చిన మాటే.

"ఆ మాట మీకు మీరు ఎప్పుడన్నా చెప్పుకున్యారా?" అంది.

ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆయన ఏడవడం వినిపించింది. మా నాయన పోయినప్పుడు కూడా ఆయన ఏడవగా నేను వినలేదు. లేచి తలుపు దాకా పోయాను. లోపలినుంచి ఆ అమ్మాయి, ఉన్నాను పెద్దాయనా, ఇక్కడే ఉన్నాను అంటోంది. నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆ గంట లోపలికి పోకుండా ఉండటం ఒక్కటే నాకు చేతనైంది.

ఆ తర్వాత ఆయన మాత్రలు నోట్లో వేసుకుని, నోరు తెరిచి పెద్దమ్మకు చూపించేవాడు, చిన్నపిల్లాడిలా. షుగర్ రెండువందలకు దిగింది, ఆ తర్వాత ఇంకా దిగింది. వాకిట్లోకి వచ్చాడు. వీధి చివరిదాకా నడిచాడు. రెండు వేళ్లు లేని కాలికి మెత్తటి బూటు వేసుకుని నడిచాడు. జేబులో ఒక చీటీ పెట్టుకోమని ఆ అమ్మాయి చెప్పింది. నాకు షుగర్ ఉంది, పడిపోతే తాగినట్టు కాదు, మెలకువ ఉంటే చక్కెర నీళ్లు తాపండి, లేకుంటే ఆసుపత్రికి చేర్చండి అని. ఆయనకు కోపం వచ్చింది. నేను తాగలేదని జేబులో కాగితం పెట్టుకుని తిరగల్లనా అన్నాడు. ఆ వారం ఇంకేం మాట్లాడలేదు. మళ్లీ శనివారం ఆయనే స్వయంగా రాసి తెచ్చి ఫోనుకు చూపించాడు.

ఆమె చెప్పిన చివరి పని కోయిలకుంట్ల బస్టాండుకు పోయి రావడం. పదికి ఎంత అంటే ఈసారి తొమ్మిది అన్నాడు. ఒక శనివారం పొద్దున నేను తోడు పోయాను. బస్సు దిగి, ఆయన పడిన చోటికి నడిచాం. ఒక గోడ, దాని ముందు కొంచెం గచ్చు, అరటితొక్కలు. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంతేనా," అన్నాడు. "శానా పెద్ద జాగా అనుకొంటి."

సోడా బండి దగ్గరికి పోయాం. సాయిబు గుర్తుపట్టాడు. ఆవో పెద్దాయనా అంటూ బల్ల జరిపాడు. పెద్దనాయన తువ్వాలు తీసి బల్ల మొత్తం తుడిచాడు, నా వైపు కూడా. తియ్యని సోడా వద్దని ఉప్పు సోడా అడిగాడు. అక్కడ కూర్చుని ఉండగా ఒక బస్సు వచ్చింది, నేను రోజూ ఎక్కే బస్సే. కిటికీలోంచి ఎవరో అమ్మాయి మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. నేను ఇంక ఆగలేకపోయాను. ఆ రోజు నేను గుంపును చూశానని, తెల్లపంచెను చూశానని, తాగి పడినాడంటే నమ్మి ముఖం తిప్పుకున్నానని చెప్పేశాను. చూసుంటే దిగి ఉండేదాన్నని మీరు ఆ అమ్మాయితో అన్నారే, నేను దిగలేదు పెద్దనాయనా అన్నాను. వినకూడని మాట విన్నానని కూడా అట్లా బయటపడిపోయింది.

ఆయన సోడా కింద పెట్టాడు.

"మీ నాయన్ని ఎత్తుకరావల్లంటే నిన్ను తోడు పిలుస్తాంటి," అన్నాడు. "తొమ్మిదేండ్ల పిల్లవు. నువ్వు నేల చూసుకుంటా నడుస్తాంటివి, నాకి కనపడతానే ఉండె. అయినా పిలుస్తాంటి. నువ్వుంటే మీ నాయన గమ్మున వస్తాడని. ఇంగ ఎవురు పడినా నువ్వు యాడ చూస్తావు. ఆ తప్పు నాది పాపా, నీది గాదు."

ఆయన నా తల మీద చెయ్యి వేసి, ఇంటికి పోదాం పా అన్నాడు.

ఇది ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన చర్చికి మళ్లీ వచ్చాడు, కానీ వెనుక వరసలో తలుపు పక్కన కూర్చునేవాడు. గంట వేరేవాళ్లు కొడుతున్నారు, మళ్లీ కొట్టమని ఆయనను ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. వీడియో కూడా పోలేదు. ఆరేడు నెలలకోసారి ఎక్కడినుంచో ఎవరికో వస్తుండేది. ఇంక కర్నూలులో చేసిన పరీక్షల్లో మూత్రపిండాలు సగానికి పైగా దెబ్బతిన్నాయని తేలింది. గుండె కూడా బలహీనపడిందన్నారు. ఏళ్లనాటి షుగర్ కొంత, మాత్రలు జొన్నల్లో వేసిన అయిదు నెలలు కొంత. ఆ రిపోర్టు వచ్చిన వారం ఆయన ఫోనులో అడిగాడు. నువ్వు ముందే ఫోను చేసింటే ఈ కాలు, ఈ కిడ్నీలు మిగిలేటివి గదా తల్లీ అని. నిష్టూరంగా కాదు, తెలుసుకోవాలని అడిగాడు. ఆ అమ్మాయి సర్దిచెప్పే మాటలు ఏవీ చెప్పలేదు. "మిగిలేటివేమో పెద్దాయనా. నాకూ అదే అనిపిస్తాది," అంది. ఆ జవాబు ఆయనకు నచ్చింది. ఆ రోజు సాయంత్రం నాతో అన్నాడు, ఆ పిల్ల నాకి అబద్ధం చెప్పదు అని.

పన్నెండు వారాలకు ఆసుపత్రి వాళ్లు పెట్టిన గడువు ముగిసింది. ఆ తర్వాత కూడా నెలకోసారి ఆమె ఫోను చేస్తూనే ఉంది. ఆయన చివరిసారి మాట్లాడింది పోయిన నెల. శనగ పూత బాగా పట్టిందని చెప్పాడు.

పోయిన రోజున నేనే ఆమెకు ఫోను చేశాను. ఆమె భూస్థాపన ఎన్నింటికి అని అడిగింది. ఇంతదూరం వస్తుందని నేను అనుకోలేదు. మరునాడు మధ్యాహ్నం కడపనుంచి బస్సు మీద బస్సు మారి వచ్చింది. వాకిట్లో ఎవరికీ ఆమె ఎవరో తెలియదు. పెద్దమ్మ గొంతును బట్టి గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పెట్టె దగ్గర నిలబడి ఆమె ఆయన ముఖం కాదు, తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఇంత పొడుగు మనిషని నాకు తెలియదక్కా అంది. ఏడాదిన్నర ఆమె చూసింది పప్పు డబ్బా ముందు కూర్చున్న ఒక ముఖం, భుజాలు. అంతే.

సమాధుల తోటకు నడుస్తుంటే నా వెనుక ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. పక్క ఊరివాళ్లు. ఈయనే గదప్పా బస్టాండులో తాగి పడినాయన అన్నాడు ఒకడు, నవ్వుతూ కాదు, మామూలుగా. నేను ఆగి వెనక్కి తిరిగాను.

"పడినాడు," అన్నాను. "తాగలేదు. షుగర్ తగ్గి పడినాడు. మీరు ఆ వీడియో ఎవరికన్నా పంపింటే ఆ మాట గూడా పంపండి."

వాళ్లు తలలు దించుకున్నారు. నేను మళ్లీ నడిచాను. రెండేళ్లు ఆలస్యంగా చెప్పిన మాట అది. అది ఆయన వినలేదు.

పెట్టె దింపాక ఒక్కొక్కరూ వంగి మన్ను వేశారు. పైన ఎండి బీటలు వారిన నల్లరేగడి, లోతునుంచి తవ్విన మన్ను మాత్రం తడిగా ముద్దలు ముద్దలుగా ఉంది. కడప అమ్మాయి చెప్పులు విడిచి, గడ్డల్లో తడబడుతూ వచ్చి, పిడికెడు తీసుకుంది. వేసింది. కానీ సగం మన్ను ఆమె అరచేతికే అంటుకుని ఉండిపోయింది. రేగడి అట్లాంటిది. పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి చెయ్యి కడుక్కోమంది. తర్వాత కడుక్కుంటానమ్మా అంది.

పొద్దు వాలుతుండగా ఆమె ఆటో ఎక్కింది. బ్యాగు ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి బట్టలకు తగలకుండా మోకాలి మీద వెల్లకిలా పెట్టుకుంది. నల్లమన్ను గీతల్లోకి దిగి ఆరిపోతోంది. ఆటో కదిలింది. మట్టిరోడ్డు మీద అటూ ఇటూ ఊగుతూ పోతుంటే, ఆమె ఆ చెయ్యి తిప్పలేదు, ముయ్యలేదు. తెరిచి అట్లాగే పట్టుకుని పోయింది.